అంబలి ఎక్కడ చెడింది? జొన్న, రాగి పులియబెట్టులో అపరుచుల నిర్ధారణ

జోగులాంబ గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూలు జిల్లాలలో మార్చి దాటిందంటే ఎండ 40 డిగ్రీలకు చేరువవుతుంది. ఆ రోజులలో పొలానికి వెళ్లే కూలీ పొద్దున తాగి బయలుదేరేదీ, మధ్యాహ్నం చెట్టు నీడలో ఉల్లిగడ్డ నంజుకుని తాగేదీ జొన్న అంబలి లేదా రాగి అంబలి. తరతరాలుగా ఇది ఇంటి కుండలో తయారై ఇంటి మనుషులకే సరిపోయిన ఆహారం. కుండ చెడితే కుడితి తొట్టిలో పోసేవారు. మరునాడు కొత్త కుండ పెట్టేవారు. చెడినది ఎందుకు చెడిందో శోధించవలసిన అవసరం అంతగా కలగలేదు.

నేడు పరిస్థితి మారింది. ఐక్యరాజ్యసమితి 2023ను అంతర్జాతీయ చిరుధాన్యాల సంవత్సరంగా పాటించడంతో చిరుధాన్యాల ఆహారానికి పట్టణాలలోనూ ఆదరణ పెరిగింది. మొలకెత్తించిన రాగి, జొన్న పిండిని మహిళా సంఘాలు పొట్లాలు కట్టి అమ్ముతున్నాయి. వేసవిలో కూడళ్ల వద్ద, మార్కెట్ యార్డుల వద్ద దాతలు అంబలి పంపిణీ చేస్తున్నారు. ఇంటి కుండ చెడితే ఒక పూట నష్టం. పంపిణీ కేంద్రంలోని గంగాళం చెడితే వందల మందికి అస్వస్థత. ఒక విడత మాల్టు పాడైతే సంఘం పెట్టుబడి పోవడమే కాక, ఆ పిండి పసిపిల్లల గిన్నెలోకి చేరే ప్రమాదమూ ఉంది.

ఇటువంటి సందర్భంలో తయారీదారులకు మొదట తోచే ఉపాయం బెల్లం, యాలకులు, మజ్జిగ పాలు పెంచడం. దానితో వాసన మరుగున పడుతుంది. కారణం అక్కడే ఉంటుంది. అపరుచి ఒక సమాచారం. ఏ దశలో పొరపాటు జరిగిందో అది తెలియజేస్తుంది. దానిని కప్పివేయడమంటే హెచ్చరికను చెరిపివేయడమే. అపరుచి నుంచి దాని మూలానికి వెనక్కి నడిచే పద్ధతిని వివరించడం, వాసనకు అందని ప్రమాదాలను గుర్తుచేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

బీరు, అంబలి: ఒకే శాస్త్రం, వేర్వేరు గమ్యాలు

ధాన్యాన్ని నానబెట్టి, మొలకెత్తించి, ఎండబెట్టి, వేడినీటిలో కలిపి, పులియబెట్టడం ప్రపంచమంతటా ఉన్న విద్య. బార్లీతో చేసే బీరుకు ఈ క్రమమే ఆధారం. ధాన్యం నుంచి మొదలుపెట్టి ఇంట్లో బీరు కాచుకునే అలవాటు ఉన్న దేశాలలో ఔత్సాహికులు అపరుచుల పట్టికను కంఠస్థం చేస్తారు: వెన్న వాసన వస్తే డైఎసిటైల్, ఉడికిన మొక్కజొన్న వాసన వస్తే డైమిథైల్ సల్ఫైడ్, పచ్చి ఆపిల్ వాసన వస్తే ఎసిటాల్డిహైడ్. ప్రతి వాసనకూ ఒక రసాయనం, ప్రతి రసాయనానికీ ఒక దశ, ప్రతి దశకూ ఒక దిద్దుబాటు ఉంటాయి. తెలంగాణలో లైసెన్సు లేకుండా మద్యం తయారుచేయడం ఎక్సైజ్ చట్టం ప్రకారం నేరం కనుక ఆ పానీయం ఇక్కడ ప్రస్తుతం కాదు. కాని ఆ తర్కం అంబలికీ, మాల్టుకూ అక్షరాలా వర్తిస్తుంది.

బార్లీకి బదులు జొన్నను వాడడంలోని చిక్కులను ఆఫ్రికా దేశాలు ముందే ఎదుర్కొన్నాయి. నైజీరియా 1988లో బార్లీ మాల్టు దిగుమతిని నిషేధించినప్పుడు అక్కడి బీరు పరిశ్రమ జొన్న, మొక్కజొన్నల వైపు మళ్లింది. దక్షిణాఫ్రికాలో జొన్నతో చేసే చిక్కని పుల్లని పానీయం తయారీలో మొదటి అంచె లాక్టిక్ పులుపు. మాల్టు కలిపిన నీటిని 48 నుంచి 50 డిగ్రీల సెల్సియస్ వద్ద నిలిపి, ఆ వేడిని తట్టుకునే లాక్టిక్ బాక్టీరియాకు మాత్రమే అవకాశం ఇస్తారు. కుళ్లు కలిగించే అనేక సూక్ష్మజీవులు ఆ ఉష్ణోగ్రతలో వెనుకబడతాయి.

ఒక భేదాన్ని ఆరంభంలోనే గుర్తించాలి. లోపమన్నది పదార్థంలో కాక, దాని నుంచి ఆశించే ఫలితంలో ఉంటుంది. తేలికపాటి బార్లీ బీరులో పులుపు దోషం. అంబలిలో అదే గుణం. బీరులో తప్పుగా ఎంచే డైఎసిటైల్ మజ్జిగ కలిపిన అంబలికి కమ్మదనాన్నిస్తుంది. కనుక పరిశీలనకు ముందు 'మంచి అంబలి' ఎలా ఉండాలో ఆ ఊరి పెద్దలనే అడిగి నిర్ణయించుకోవాలి. ఆ ప్రమాణం లేకుండా అపరుచిని కొలవడం సాధ్యం కాదు.

వెనక్కి నడిచే ప్రశ్నలు

అపరుచి కనిపించినప్పుడు 'ఏమి కలిపారు?' అన్న ప్రశ్న కంటే 'ఎప్పుడు, ఎంతసేపు, ఎంత వేడిలో, ఏ పాత్రలో?' అన్న ప్రశ్నలు ఫలితమిస్తాయి. "అవ్వా, గింజలు ఎప్పుడు నానబోసినవ్?" అని అడిగితే "నిన్న మాపున సారూ" అన్న జవాబు వస్తుంది. "నీళ్లు మార్చినవా?" అన్నది తరువాతి ప్రశ్న. చాలా సందర్భాలలో కారణం ఈ రెండో జవాబులోనే బయటపడుతుంది. తయారీని గింజ, మొలక, వంట, పులుపు, నీరు–పాత్ర అన్న అయిదు భాగాలుగా విడదీసి, చివరి నుంచి మొదటికి ఒక్కొక్క భాగాన్ని తొలగిస్తూ పోవాలి. అదే పిండితో వేరే ఇంట్లో, వేరే నీటితో చేసిన అంబలి బాగుంటే లోపం పిండిలో లేదు. అక్కడా అదే వాసన వస్తే గింజ వైపు లేదా మొలక వైపు చూడాలి.

గింజలోనే ఉన్న లోపాలు

ముక్క వాసన, మట్టి వాసన: వానాకాలపు జొన్న గింజ గట్టిపడే దశలో వర్షం పడితే ఫ్యుజేరియం, కర్వులేరియా వంటి శిలీంధ్రాలు కంకిపై వ్యాపించి గింజ బూజుకు కారణమవుతాయి. గింజ నల్లగా, గులాబీ ఛాయగా మారి సుద్దలా చిదుగుతుంది. నడిగడ్డలోనూ, అలంపూరు ప్రాంతపు నల్లరేగళ్లలోనూ యాసంగిలో పండే జొన్న పొడి వాతావరణంలో పక్వానికి వస్తుంది కనుక ఈ బెడద తక్కువ. మాల్టుకు యాసంగి గింజను ఎంచుకోవడం సగం సమస్యను తొలగిస్తుంది. నిల్వలో గింజ తేమ 12 శాతానికి మించకూడదు. వనపర్తి, నాగర్‌కర్నూలు ప్రాంతాలలో యాసంగి వేరుశనగ విస్తారంగా పండుతుంది. సరిగా ఆరని కాయల బస్తాల పక్కనే జొన్న బస్తాలను ఉంచితే తేమ, ఆస్పర్‌జిల్లస్ బూజు రెండూ సంక్రమిస్తాయి.

వగరు, చేదు: ముదురు రంగు జొన్నలలో కొన్నింటికి పైపొట్టు కింద టానిన్లు నిండిన పొర ఉంటుంది. టానిన్లు నాలుకపై వగరును కలిగించడంతోపాటు ఎంజైములను బంధించి పిండిపదార్థం కరగకుండా అడ్డుకుంటాయి. రంగును బట్టి మాత్రమే నిర్ణయించడం సరికాదు. ఎర్రగా కనిపించే గింజలన్నింటిలో ఆ పొర ఉండదు. సోడియం హైడ్రాక్సైడ్ కలిపిన సోడియం హైపోక్లోరైట్ ద్రావణంలో గింజలను 15 నుంచి 20 నిమిషాలు ఉంచితే టానిన్ పొర ఉన్నవి నల్లబడతాయి, లేనివి తెల్లబడతాయి. విద్యార్థులు ప్రయోగశాలలో సులభంగా చేయగల పరీక్ష ఇది. పరీక్షించిన గింజలను ఆహారానికి వాడరాదు. తూర్పు ఆఫ్రికాలో టానిన్ జొన్నను కట్టెబూడిద నీటిలో నానబెట్టి వగరును తగ్గిస్తారు. పాలమూరు ప్రాంతంలో ఆ శ్రమ అవసరం లేదు. పాలెం ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం జొన్నపై దీర్ఘకాలంగా కృషి చేస్తోంది. వగరు లేని తెల్ల, పచ్చ జొన్నలు రైతుకు అందుబాటులో ఉన్నాయి.

సజ్జ పిండి కనరు: అంబలి పిండిలో సజ్జ కలిపే అలవాటు ఉన్న చోట మరొక ఫిర్యాదు తరచుగా వస్తుంది. సజ్జలో కొవ్వు సుమారు 5 శాతం. పిండి పట్టగానే లైపేజ్ ఎంజైము ఆ కొవ్వును విడగొట్టి కొద్ది రోజులలోనే చేదును, కనరు వాసనను కలిగిస్తుంది. గింజలను మరుగుతున్న నీటిలో కొద్ది సెకన్లు ముంచి, వెంటనే ఆరబెట్టి, తరువాత పట్టిస్తే లైపేజ్ చాలావరకు నిర్వీర్యమవుతుంది. ఆ వీలు లేనప్పుడు వారానికి సరిపడా మాత్రమే పట్టించుకోవాలి.

మొలక దశలోని లోపాలు

రాగిని 12 నుంచి 16 గంటలు నానబెట్టి, తడిగుడ్డలో ఒకటి రెండు రోజులు మొలకెత్తించడం వాడుక. జొన్నకు నానబెట్టే సమయం, మొలకెత్తే సమయం రెండూ ఎక్కువ. ఈ దశలో గింజ శ్వాసిస్తుంది. వేడిని, బొగ్గుపులుసు వాయువును విడుదల చేస్తుంది. నీటిలో ప్రాణవాయువు తగ్గితే గింజకు ఊపిరాడదు. గాలి అవసరం లేని బాక్టీరియా విజృంభిస్తాయి.

కుళ్లు వాసన, వాంతి వంటి వాసన: ఇది బ్యుటిరిక్ ఆమ్లం గుర్తు, క్లాస్ట్రీడియం జాతి బాక్టీరియా పని. నానబెట్టిన నీటిని మార్చకపోవడం, గోనెసంచిలో మందంగా కుప్ప పోయడం దీనికి సాధారణ కారణాలు. వేసవిలో ప్రతి 4 నుంచి 6 గంటలకు నీటిని వంచి, గింజను కొంతసేపు గాలికి ఆరనిచ్చి, తిరిగి నీరు పోయాలి. మొలకెత్తేటప్పుడు పొర రెండు అంగుళాలకు మించకుండా పరచి, రోజుకు రెండు మూడు సార్లు తిరగవేయాలి. కుప్పలో చేయి పెట్టి చూసినప్పుడు వేడిగా తగిలితే పొర పలుచన చేయవలసిన సమయం వచ్చినట్టే.

పసరు వాసన: పచ్చిగడ్డి, పచ్చిచిక్కుడు వంటి ఈ వాసన కొవ్వులపై లైపాక్సిజనేజ్ చర్య వల్ల పుట్టే హెక్సనాల్ వంటి పదార్థాలది. మొలకలను పూర్తిగా ఎండబెట్టకపోయినా, మొలకెత్తిన భాగాలను పిండిలో ఉంచేసినా ఇది మిగిలిపోతుంది. నీడలో ఆరబెట్టి, ఎండలో కరకరలాడే వరకు ఎండబెట్టి, చేటలో రుద్ది చెరిగితే మొలకలు, వేర్లు విడిపోతాయి. ఆపై సన్నని సెగపై కమ్మని వాసన వచ్చేవరకు వేయించాలి. ఎక్కువగా వేయిస్తే ఎంజైములు నశిస్తాయి. అప్పుడు ఆ పిండికి మాల్టు అన్న పేరే మిగులుతుంది. జావను పలుచన చేసే శక్తి ఉండదు.

వంట దశ: మాడు, పచ్చిదనం, పలుచన

బార్లీ పిండిపదార్థం సుమారు 60 నుంచి 65 డిగ్రీల వద్ద ఉబ్బి ఉడుకుతుంది. మాల్టు ఎంజైములు చురుకుగా పనిచేసేదీ ఆ పరిధిలోనే. జొన్న పిండిపదార్థం ఉడకడానికి సుమారు 68 నుంచి 78 డిగ్రీలు కావాలి. ఆ వేడిలో బీటా అమైలేజ్ త్వరగా నశిస్తుంది. జొన్న మాల్టులో ఆ ఎంజైము సహజంగానే తక్కువ. కనుక మాల్టునూ పిండినీ కలిపి ఒకేసారి కాచితే పచ్చిపిండి రుచి, అడుగున గడ్డలు, అసంపూర్ణమైన తీపి మిగులుతాయి. ముందుగా జొన్న పిండిని పూర్తిగా ఉడికించి, 60 డిగ్రీలకు చల్లారనిచ్చి, అప్పుడు కొద్దిగా రాగి మాల్టు కలపడం శాస్త్రీయ మార్గం. థర్మామీటరు లేని ఇంట్లో 60 డిగ్రీలను అంచనా వేయడం కష్టం. ఆవిరి తగ్గాలి, వేలు ముంచితే ఒక క్షణానికి మించి ఉంచలేనంత వేడి మాత్రం ఉండాలి. మాల్టు కలిపిన పదిహేను నిమిషాలలో గట్టి జావ పలుచబడితే ఎంజైము సజీవంగా ఉన్నట్టు. శిశువుల జావలో ఈ గుణం విలువైనది; నీరు పెంచకుండానే మింగడానికి అనువైన జావ సిద్ధమవుతుంది. పలుచబడిన తరువాత దానిని మరొకసారి మరిగించి చల్లార్చాలి.

మాడు వాసన పూర్తిగా నివారించదగినది. పిండిని పొడిగా మరుగునీటిలో చల్లితే గడ్డలు అడుగుకు చేరి మాడతాయి. చన్నీటిలో ముందుగా కలిపి పోయడం, మందపాటి అడుగున్న పాత్ర వాడడం, గరిటె అడుగును తాకేలా తిప్పడం చాలు. మాడిన తరువాత ఆ వాసన ఏ తిరగమోతతోనూ పోదు. పైభాగాన్ని వెంటనే వేరే పాత్రలోకి వంచుకోవాలి, అడుగును గీకరాదు.

పులిసే దశలోని లోపాలు

అంబలిని పులియబెట్టడంలో రెండు క్రమాలున్నాయి. మొదటి దానిలో పిండిని రాత్రి నీటిలో కలిపి 14 నుంచి 16 గంటలు పులియనిచ్చి, తెల్లవారి ఉడికిస్తారు. రెండవ దానిలో ముందు ఉడికించి, చల్లార్చి, తోడు వేసి రాత్రంతా ఉంచుతారు. మొదటి క్రమంలో చివర మరిగించడం వల్ల రక్షణ ఎక్కువ. రెండవ క్రమంలో పులిసిన తరువాత వేడి తగలదు. అందుకే చల్లార్చే వేగం, తోడు నాణ్యత కీలకం. బాసిల్లస్ సీరియస్ బీజాలు ఉడికినా చావవు. గోరువెచ్చని గంజి గంటల తరబడి తోడు లేకుండా ఉంటే అవి మొలకెత్తి, మళ్లీ మరిగించినా నశించని విషాన్ని వదలగలవు. కనుక గంగాళాన్ని నీళ్ల తొట్టిలో నిలిపి త్వరగా చల్లార్చి, గోరువెచ్చగా ఉండగానే తోడు వేయాలి.

పుల్లదనం రాకపోవడం, చప్పిడి వాసన: తోడు బలహీనంగా ఉండడం, చలికాలపు రాత్రులు, బైకార్బొనేట్లు ఎక్కువగా ఉన్న బోరునీరు ఇందుకు కారణాలు. అటువంటి నీరు పుట్టిన ఆమ్లాన్ని తటస్థం చేస్తుంది. నీటిని ముందుగా మరిగించి తేర్చితే కాఠిన్యం కొంత తగ్గుతుంది. నిన్నటి మంచి అంబలిలో గిన్నెడు మిగిల్చి నేటి కుండకు తోడుగా వేయడం అమ్మమ్మల కాలం నాటి విద్యే. ల్యూకోనోస్టాక్, లాక్టోబాసిల్లస్ జాతులు అధిక సంఖ్యలో చేరి, కుళ్లు కలిగించే వాటికి చోటు దొరకకముందే పీహెచ్‌ను 4.6 కంటే దిగువకు తెస్తాయి. బాగా పులిసిన అంబలి పీహెచ్ సుమారు 4 ఉంటుంది.

ఘాటైన వెనిగర్ వాసన: పులుపు నాలుకపై కాక ముక్కులో గుచ్చుకుంటే అది ఎసిటిక్ ఆమ్లం. ఈస్టులు చక్కెరను ఆల్కహాల్‌గా మార్చగా, గాలి తగిలినప్పుడు ఎసిటోబాక్టర్ ఆ ఆల్కహాల్‌ను వెనిగర్‌గా మారుస్తుంది. వెడల్పు మూతి పాత్ర, సగం ఖాళీ కుండ, రెండు రోజుల నిల్వ ఇందుకు మార్గాలు. పైన ముడుతలు పడిన తెల్లని పొర గాలిలో పెరిగే ఈస్టులది. నీలం, నల్ల, గులాబీ రంగు బూజు కనిపిస్తే పొర తీసివేయడం చాలదు. కుండ మొత్తం పారబోయాలి.

పండ్ల వాసన, మత్తు వాసన: మాల్టు ఎక్కువై, నిల్వ పెరిగి, ఈస్టు ఆధిక్యం సాధిస్తే ఆల్కహాల్, ఎస్టర్లు పుడతాయి. పిల్లలు, గర్భిణులు తాగే పానీయంలో ఇది రుచికి సంబంధించిన లోపం మాత్రమే కాదు. పులిసే సమయాన్ని తగ్గించి, లాక్టిక్ తోడును పెంచడం దిద్దుబాటు.

జిగురు, తీగ సాగడం: బెల్లాన్ని పులియడానికి ముందే కలిపితే ల్యూకోనోస్టాక్ ఆ చక్కెరతో డెక్స్‌ట్రాన్ అనే జిగురును తయారుచేస్తుంది. బెల్లం ఎప్పుడూ తాగే ముందు కలపాలి. బెల్లం లేకున్నా తీగ సాగి, మురిగిన పండు వాసన వస్తే బాసిల్లస్ బాక్టీరియాను అనుమానించి పాత్రలన్నింటినీ మరిగించాలి; ఆ తోడును పూర్తిగా మార్చాలి.

వేసవిలో పులియడానికి పట్టే సమయం చలికాలంలో కంటే బాగా తక్కువ. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే సూక్ష్మజీవుల పెరుగుదల వేగం స్థూలంగా రెట్టింపవుతుంది. జనవరిలో సరిపోయిన 16 గంటలను మే నెలలోనూ పాటిస్తే అంబలి తప్పకుండా మితిమీరి పులుస్తుంది. గడియారాన్ని కాక రుచిని, పీహెచ్ కాగితాన్ని అనుసరించాలి.

నీరు, పాత్ర

మందుల వాసన వచ్చిందన్న ఫిర్యాదు కొత్త కాలపుది. బ్లీచింగ్ పౌడరు కలిపిన ట్యాంకు నీటిలోని క్లోరిన్, గింజలోని ఫినాలిక్ పదార్థాలతో కలిసి క్లోరోఫినాల్స్‌గా మారితే అతి స్వల్ప పరిమాణంలోనే ఆసుపత్రి వాసన వస్తుంది. తాగునీటికి క్లోరిన్ అవసరమే, దానిని మానరాదు. అంబలికి వాడే నీటిని మాత్రం మరిగించి చల్లార్చితే లేదా వెడల్పు పాత్రలో రాత్రంతా మూతగుడ్డ కప్పి ఉంచితే స్వేచ్ఛగా ఉన్న క్లోరిన్ చాలావరకు పోతుంది.

లోహపు రుచి పాత్రను పట్టిస్తుంది. కళాయి పోయిన ఇత్తడి గిన్నెలో పుల్లని అంబలి ఉంచితే రాగి లోహం కరిగి చిలుము రుచి వస్తుంది, వికారం కలిగిస్తుంది. అల్యూమినియం గంగాళం వంటకు ఉపయోగించినా అందులో పులియబెట్టరాదు. మట్టికుండ లేదా స్టీలు పాత్ర శ్రేయస్కరం. మట్టికుండ రంధ్రాలలో తోడు బాక్టీరియా నిలిచి మేలు చేస్తుంది. కుండ ఒకసారి చెడితే చెడ్డవీ అక్కడే నిలుస్తాయి. వరుసగా మూడు సార్లు అదే అపరుచి వస్తే కుండను మార్చడమే మార్గం.

వాసన చెప్పని ప్రమాదాలు

ఇంతవరకు చెప్పినవి ముక్కు, నాలుక పట్టగల లోపాలు. పట్టలేనివి ముఖ్యంగా రెండు ఉన్నాయి.

మొదటిది జొన్న మొలకలలోని ధురిన్. లేత జొన్నను, కోసిన తరువాత వచ్చే పిలకలను మేసిన పశువులు కుప్పకూలడం ఈ ప్రాంత రైతులందరికీ తెలుసు; దానిని నాము అంటారు. ఆ విషానికి మూలమైన ధురిన్ ఎండు గింజలో అత్యల్పంగా ఉండి, మొలకెత్తగానే మొలకలోను, వేరులోను పెరుగుతుంది. మొలక నలిగినప్పుడు ఎంజైము చర్యతో హైడ్రోజన్ సైనైడ్ విడుదలవుతుంది. ఎండబెట్టడం వల్ల మాత్రమే ధురిన్ పోదు. మొలకలను, వేర్లను రుద్ది తొలగించడం వల్ల అత్యధిక భాగం పోతుంది. మిగిలినది పిండిని నీటిలో నానబెట్టినప్పుడు విడిపడుతుంది. హైడ్రోజన్ సైనైడ్ సుమారు 26 డిగ్రీల వద్దనే ఆవిరయ్యే పదార్థం కనుక మూత లేకుండా మరిగించడం వల్ల తొలగిపోతుంది. పెసల మొలకల మాదిరిగా జొన్న మొలకలను పచ్చిగా తినవచ్చని కొందరు ఇచ్చే సలహా ప్రమాదకరం. జొన్న మాల్టును వేడినీటిలో కలిపి వెంటనే తాగే పొడిగా అమ్మడమూ తగదు. శిశువుల ఆహారానికి రాగి మాల్టుకు ప్రాధాన్యమివ్వాలి.

రెండవది బూజు విషాలు. ముక్క వాసన హెచ్చరిక మాత్రమే. వాసన లేనంత మాత్రాన అఫ్లటాక్సిన్ లేదని చెప్పలేము. ఉడికించడం, పులియబెట్టడం దానిని పూర్తిగా నశింపజేయవు. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ ధాన్యాలలో అఫ్లటాక్సిన్లకు కిలోకు 15 మైక్రోగ్రాముల పరిమితిని విధించింది. అమ్మకానికి మాల్టు చేసే సంఘం ప్రతి కొత్త గింజ విడత నుంచి నమూనాను పరీక్షకు పంపించాలి. రంగు మారిన, ముడుచుకున్న, తేలిన గింజలను ఏరివేయడం ఖర్చులేని మొదటి రక్షణ.

బెల్లంతో, యాలకులతో వాసనను కప్పడం ఎందుకు తగదో ఇక్కడ స్పష్టమవుతుంది. ముక్క వాసన కప్పబడితే బూజు విషానికి ఉన్న ఒకే ఒక్క బాహ్య సూచన పోతుంది. పసరు వాసన కప్పబడితే మొలకలు తొలగించలేదన్న సంగతి తెలియకుండా పోతుంది.

విస్తరణ శాస్త్రవేత్త చేయవలసినవి

పాలెం, మదనాపురం కృషి విజ్ఞాన కేంద్రాల వంటి సంస్థలు మాల్టు తయారీపై శిక్షణ ఇచ్చేటప్పుడు తయారీ విధానంతోపాటు లోప నిర్ధారణను కూడా పాఠంలో చేర్చడం అవసరం. ఇందుకు ఖరీదైన పరికరాలు అక్కరలేదు.

మొదటిది, లోపాల కుండలు. ఉద్దేశపూర్వకంగా నీరు మార్చకుండా నానబెట్టిన గింజ, సరిగా ఎండని మొలక, మాడిన గంజి, వెనిగర్ కలిపిన అంబలి వంటివాటిని మూతపెట్టిన గ్లాసులలో ఉంచి వాసన చూపించాలి, తాగించరాదు. ఒకసారి ముక్కు గుర్తుపట్టిన వాసనను మరచిపోదు.

రెండవది, మూడు గ్లాసుల పరీక్ష. పద్ధతి మార్చినప్పుడు రుచి నిజంగా మారిందా అన్నది నిర్ణయించడానికి రెండు గ్లాసులలో ఒక రకం, మూడవ దానిలో మరొక రకం పోసి, వేరుగా ఉన్నదానిని గుర్తించమనాలి. గుడ్డిగా చెప్పినా మూడింట ఒక వంతు సరిగా రావచ్చు. తొమ్మిది మందిలో కనీసం ఆరుగురు సరిగా గుర్తిస్తేనే 5 శాతం స్థాయిలో తేడా ఉన్నట్టు. ఒకరిద్దరి మెప్పును ఫలితంగా నమోదు చేయరాదు.

మూడవది, కుండ పుస్తకం. గింజ రకం, కొన్న తేదీ, నానబెట్టిన వేళ, నీరు మార్చిన సార్లు, ఎండబెట్టిన రోజులు, తోడు ఎక్కడిది, పులిసిన గంటలు, పీహెచ్, రుచిపై ఒక మాట. విడతకు ఒక వరుస చాలు. లోపం వచ్చిన రోజున బాగున్న విడత వరుసను పక్కన పెట్టి చూస్తే ఏది మారిందో కనిపిస్తుంది. ఒకసారికి ఒక్క అంశాన్నే మార్చి చూడాలి. క్షేత్ర ప్రయోగాలలో పాటించే ఈ నియమం వంటింటికీ వర్తిస్తుంది. గింజను, నీటిని, కుండను ఒకేసారి మార్చితే అంబలి బాగుపడినా కారణం తెలియదు. తెలియని కారణం మళ్లీ వస్తుంది.

ముగింపు

ఎత్తిపోతల నీటితో ఈ మూడు జిల్లాలలో వరి, పత్తి, మొక్కజొన్న, వేరుశనగ విస్తరించాయి. జొన్న చేలు కుదించుకుపోయాయి. జొన్న, రాగి మళ్లీ ఈ నేలలో నిలవాలంటే విత్తనం, మద్దతు ధర ఉంటే చాలవు. తయారైన ఆహారంపై నమ్మకం ఉండాలి. ఒకసారి కనరు వాసన వచ్చిన పొట్లాన్ని కొన్న తల్లి రెండోసారి కొనదు. ఆమె కొనకపోవడంతో నష్టపోయేది సంఘమే కాదు. ఆ గింజ పండించిన మెట్టరైతు కూడా. అందుచేత కుండలో వచ్చిన చెడు వాసనను వ్యవసాయ శాస్త్రజ్ఞుడు వంటింటి విషయమని విడిచిపెట్టరాదు. ఆ వాసన వెంట వెనక్కి నడిస్తే దారి చాలాసార్లు వంటింటి గడప దాటి కళ్లం దాకా, కొన్నిసార్లు చేను దాకా వెళుతుంది.